లెక్కలోకి రాని కథ



వేసవి సెలవులకు అమెరికా నుంచి వచ్చిన మా పెద్ద మనవడి పెట్టెలో, బట్టల అడుగున, ఒక బొమ్మల పుస్తకం కనిపించింది. పేరు 'డార్క్ ఎంపైర్'. 'స్టార్ వార్స్' చలనచిత్రాలకు అనుబంధంగా వెలువడిన కామిక్సు. అట్ట అంచులు నలిగి ఉన్నాయి. పలుమార్లు చదివిన పుస్తకమని చూడగానే తెలుస్తుంది. "కథ చెప్పరా" అన్నాను. వాడు నాలుగు వాక్యాలు ఉత్సాహంగా చెప్పి, ఉన్నట్టుండి ఆగిపోయి, "అయినా ఇది లెక్కలోకి రాదులే తాతయ్యా, ఇదంతా జరగలేదు" అన్నాడు.

కల్పిత కథలో జరిగినదేమిటి, జరగనిదేమిటి? ఉద్యోగకాలమంతా తెలుగు పాఠాలు చెప్పిన నాకు ఆ మాట వెంటనే బోధపడలేదు. వాడు ఓపికగా వివరించాడు. ఆపైన నేనూ కొంత చదివి తెలుసుకున్నాను. ఆ అభిమానుల వాదం పండితులకు కొత్తది కాదనిపించి ఈ టపా రాస్తున్నాను.

ముందుగా సంగతి. జార్జ్ లూకస్ తీసిన మొదటి స్టార్ వార్స్ చిత్రం 1977 మే నెలలో విడుదలైంది. మార్వెల్ సంస్థ ఆ కథను అదే ఏడు కామిక్సుగా వెలువరించింది. చిత్రకథ ముగిసిన తరువాత సొంత కథలు అల్లుకుంటూ 1986 దాకా కొనసాగించింది. 1991లో డార్క్ హార్స్ అనే సంస్థ ఆ పని చేపట్టింది. మావాడి పుస్తకం ఆ తొలిరోజులదే. వీటికి తోడు నవలలు కుప్పలుగా వచ్చాయి. వీటన్నిటినీ సమన్వయపరచడానికి లూకస్ సంస్థ ఒక అంతరంగిక పట్టికను నిర్వహించేది. అందులో తరతమ భేదాలు ఉండేవి. చలనచిత్రాలది అగ్రస్థానం, నవలలూ కామిక్సులూ వాటికి దిగువన. విరోధం వచ్చినచోట పైదే చెల్లుతుంది. శ్రుతికీ స్మృతికీ విరోధం వస్తే శ్రుతిదే పైచేయి అనే మన న్యాయం వంటిదే ఇది.

2012లో డిస్నీ సంస్థ లూకస్ సంస్థను కొన్నది. 2014 ఏప్రిల్ 25న ఒక ప్రకటన వచ్చింది. అప్పటికున్న ఆరు చిత్రాలు, 'ద క్లోన్ వార్స్' యానిమేషన్ కథ నిలుస్తాయి. అంతవరకు వచ్చిన నవలలు, కామిక్సులు దాదాపు అన్నీ ఇకపై 'లెజెండ్స్', అంటే పుక్కిటి పురాణాల వంటివి. ఆ పేరుతోనే అవి అచ్చవుతాయి. కొత్తగా రాబోయే కామిక్సులు మాత్రం చిత్రాలతో పాటు ప్రామాణికమే.

అభిమానులు రెండు పక్షాలైనారు. హక్కుదారు ఒప్పుకున్నదే కథ అని ఒక పక్షం. ఇన్నేళ్లు మేము చదివి గుండెలో పెట్టుకున్నది ఒక ప్రకటనతో రద్దు కాదని రెండవ పక్షం.

సంస్థ చేసిన పని అకారణం కాదు. ఆ మాట ముందు చెప్పాలి. 1999లో వచ్చిన ఒక నవలలో చూబాకా అనే పాత్ర మరణించింది. రోమాలతో నిండిన దేహం, గుర్రుమనే భాష, అందరికీ ప్రియమైన పాత్ర. ఆ నవలకు కట్టుబడితే 2015 చిత్రంలో చూబాకాకు చోటుండేది కాదు. పదిమంది రచయితలు ఒకే కథను పలుచోట్ల రాస్తున్నప్పుడు ఎవరో ఒకరు గీత గీయక తప్పదు.

అయితే ఆ గీత దేనికోసం? ఇక్కడ ఒక్క వ్యుత్పత్తి చెప్పుకోనివ్వండి, పాత అలవాటు. మనం 'ప్రమాణం' అనే మాటలో ఉన్నది 'మా' ధాతువు, కొలుచుట అని అర్థం. వారు వాడే 'కానన్' అనే మాటకు మూలమైన గ్రీకు పదానికీ కొలబద్ద అనే అర్థం. రెండు భాషలూ ఒకే పనిముట్టును ఎన్నుకున్నాయి. దర్జీ టేపు పెట్టి కొలిస్తే గుడ్డ పొడవు తెలుస్తుంది. నేత చిక్కనా పలుచనా అన్నది వేలితో తడిమితేనే తెలుస్తుంది. సంస్థ కొలబద్ద రేపు రాయబోయే రచయిత కోసం చేసినది. నిన్న చదివిన పాఠకుడి చేతికి ఎట్లా వచ్చిందో, అదే నాకు విచారం.

పోనీ, రచయితలకైనా ఆ కొలత నికరంగా పనిచేసిందా? 2015లో 'కేనన్' అనే కామిక్సు వచ్చింది. అది కొత్త లెక్క ప్రకారం పూర్తిగా ప్రామాణికం. అందులో ఒక గురువు తన శిష్యుణ్ణి కాపాడి, తాను సైనికుల చేతిలో మరణిస్తుంది. రాత్రివేళ, నెగడు దగ్గర మొదలయ్యే ఘట్టం అది. 2021లో 'ద బ్యాడ్ బ్యాచ్' ధారావాహిక అదే మరణాన్ని పగటివేళ, మంచు కప్పిన అడవిలో చూపించింది. రెండూ ప్రామాణికమే! తెర మీద చూసినదే నిజమని చాలామంది సర్దుకున్నారు. అంటే కాగితం మీద సమానత్వం ఇచ్చినా, పంక్తిలో కామిక్సు మళ్లీ చివరనే కూర్చున్నది.

మరొక వైపు చూడండి. డార్క్ హార్స్ కామిక్సు కోసం రూపొందిన ఆయ్లా సెక్యూరా అనే నీలివర్ణపు పాత్రను అట్టమీద చూసి ముచ్చటపడి లూకస్ 2002 చిత్రంలోకి తీసుకున్నాడు. ఆనాడు ఆమె ఏ తరగతిదని ఆయన విచారించినట్టు లేదు. మావాడి 'డార్క్ ఎంపైర్'లో, చనిపోయిన చక్రవర్తి పాల్పటీన్ కొత్త దేహంతో తిరిగివస్తాడు. ఆ పుస్తకాన్ని లెక్కలోంచి తీసివేసిన అయిదేళ్లకు, 2019 చిత్రంలో అదే చక్రవర్తి మృత్యువు నుంచి తిరిగి వచ్చాడు. రెండు కథలూ ఒకటి కావు, నిజమే. కాని వాకిట్లోంచి పంపిన చుట్టం పెరటి దారిన వచ్చి పీట వేసుకున్నట్టే ఉంది.

మనకు ఇది అనుభవమే. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అభిమన్యుడి భార్య ఉత్తర. ఆ మాట తెలిసిన పండితులు కూడా 1957లో వచ్చిన 'మాయాబజార్' చూసి లేచిపోలేదు. మూలంలో లేదని తెలుసుకోవడం ఒక జ్ఞానం. లేదు కనుక ఆనందించరాదనుకోవడం వేరే సంగతి. మొదటిది నేర్పడం నా వృత్తి. రెండవదీ నేర్పానేమోనని ఇప్పుడు అనుమానం.

చాలా ఏళ్ల కిందట, తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడు ఒక పద్యం చక్కని రాగంతో చదివాడు. వాళ్ల తాత నేర్పాడట. నేను, "అది ఆ కవిది కాదురా, ప్రక్షిప్తం. పరీక్షలో రాస్తే మార్కులు రావు" అన్నాను. చెప్పినది శాస్త్రానికి తప్పు కాదు. కాని పద్యం బాగుందని ముందు ఒక్క మాట అనలేదు. ఆ ఏడాదంతా ఆ పిల్లవాడు మళ్లీ తనంతట తాను పద్యం చదవలేదు. మనవడు కథ మధ్యలో ఆగినప్పుడు నాకు ఆ ముఖమే గుర్తుకు వచ్చింది.

ప్రామాణిక నిర్ణయం వద్దనను. పాఠపరిష్కర్తకు అది ఊపిరి. ధారావాహిక రచయితకు అది కంచె. కాని పదమూడేళ్ల పాఠకుడు పుస్తకం తెరవకముందే ముద్ర కోసం వెదకడం మంచిది కాదు. ముద్ర వేసేవారు మారవచ్చు, హక్కులు చేతులు మారవచ్చు. అప్పుడల్లా వాడు తన ఇష్టాలను సరిదిద్దుకుంటూ కూర్చోవాలా? కామిక్సు లెక్కలోకి వస్తుందా అన్నదానికి నా సమాధానం ఇది: సంస్థ లెక్కలోకి రాకపోవచ్చు. వాడు అట్ట నలిగేదాకా చదివాడు కనుక వాడి లెక్కలోకి ఎప్పుడో వచ్చింది.

ఆ రాత్రి డాబా మీద పక్కలు వేసుకున్నాక, "జరగని కథే చెప్పరా, చివరిదాకా చెప్పు" అన్నాను. మొదట కాస్త బిడియపడ్డాడు, తరువాత చేతులు తిప్పుతూ చెప్పాడు. సగం పేర్లు నా నోరు తిరగనివి. వాళ్ల నానమ్మ నిద్రపోయిందనుకున్నాం, చక్రవర్తి లేచి వచ్చిన చోట, చీకట్లోంచి "ఆఁ, తరువాత?" అన్నది.

మిత్రుల అభిప్రాయాలు తెలిస్తే సంతోషిస్తాను. పొరపాట్లుంటే దిద్దగలరు.