టైరు సన్నమా, లావా?

నలభై దాటాక సైకిలెక్కితే "ఈ వయసులో ఇదేం సరదా!" అనేవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ళ సంగతి అలా ఉంచండి. నా దగ్గర రెండున్నాయి. ఒకటి నున్నటి తారురోడ్డు కోసం చేసిన రోడ్ బైకు, రెండోది కంకరదారిని కూడా తట్టుకునే గ్రావెల్ బైకు. రెండింటి హ్యాండిలూ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగే ఉంటుంది. పెద్ద తేడా టైర్లలోనే. మొదటిదానివి 25 మిల్లీమీటర్లు, గాలి రాయిలా గట్టిగా కొట్టాలి. రెండోదానివి 40, అందులో సగం గాలి చాలు.

హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాకు మీద రోడ్ బైకు తొక్కితే గాలిలో తేలినట్టే. కానీ ఇంటి నుంచి అక్కడికి చేరాలి కదా! గుంతలు, కంకర తేలిన సందులు, ఎవరింటి ముందు వాళ్ళు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు... ప్రతి కుదుపూ మణికట్టు నుంచి మెడదాకా లాగుతుంది. లావు టైరు ఆ దెబ్బని చాలావరకు తనే మింగేస్తుంది. వేగం కాస్త తగ్గితే ఏం?

షాపులో మాత్రం "మీకెందుకు మేడమ్, బుట్ట ఉన్న లేడీస్ సైకిల్ తీసుకోండి" అంటారు. మొహమాటపడకండి. రోజూ వెళ్ళే దారి ఎలాంటిదో చెప్పి, దానికి తగ్గ టైరు అడగండి. సీటు మీకు సరిపోయిందో లేదో తొక్కి చూశాకే డబ్బులివ్వండి.

ట్రాకు మంచిదే. అయితే సైకిల్ని కారులో వేసుకెళ్ళి తొక్కి రావడం కారున్న ఇల్లాలికే కుదురుతుంది. బడికెళ్ళే ఆడపిల్లకి కావలసింది కాలనీ నుంచి మెయిన్ రోడ్డుదాకా గుంతల్లేని నాలుగడుగుల దారి, చీకటిపడితే వెలిగే దీపం. మా వీధి ఆడవాళ్ళం మున్సిపాలిటీకి అర్జీ రాస్తున్నాం. మీరూ రాయండి.