వడ్డిలెక్క నేర్పని గణితము

సి.బి.ఎస్.ఇ. అనబడు కేంద్ర మాధ్యమిక విద్యామండలి 2020-21వ విద్యాసంవత్సరమునందు పదునొకండవ తరగతికి 'అనువర్తిత గణితము' అను ఐచ్ఛిక విషయమును ప్రవేశపెట్టినది. ఇంజనీరింగునకును, భౌతికశాస్త్రమునకును పోనెంచక, వాణిజ్యమును సాంఘికశాస్త్రములను చదువు బాలబాలికలకు పనికివచ్చు గణితమును నేర్పవలెననుట దాని యుద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని కొన్ని యేండ్లు గడచిన పిమ్మట మనము సూటిగా అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఈ గణితమును ముగించిన విద్యార్థికి ఏమి రావలెను? పుస్తకములో ఎన్ని యధ్యాయములున్నవని మేమడుగుట లేదు. పుస్తకము మూసిన పిమ్మట వానికి మిగులు శక్తి యేది యని అడుగుచున్నాము.

పండ్రెండవ తరగతి ప్రణాళికను చూడుడు. మాత్రికలు, కలనగణితము, సంభావ్యత, నెలసరి వాయిదాలు మున్నగున వన్నియు అందు గలవు. వ్రాతపరీక్షకు 80 మార్కులు, పాఠశాలలోని మూల్యాంకనమునకు 20 మార్కులు. అధ్యాయములలో మేము చూపు లోపము లేదు. లోపమంతయు లక్ష్యములను తెలుపు క్రియలలో నున్నది. 'నిర్వచించును', 'గణించును', 'సూత్రమును ప్రయోగించును' అను మాటలతోనే ఎక్కువ లక్ష్యములు ముగియుచున్నవి. 'తప్పును పట్టుకొనును', 'రెంటిని పోల్చి తేల్చును', 'లెక్క తెలియనివానికి తెలియజెప్పును' అను మాటలు ఎక్కడ?

ఇది మాటల పట్టింపు కాదు. మన యూళ్లలో వడ్డీని నూటికి నెలకింత యని చెప్పుకొందురు. 'రెండు రూపాయల వడ్డీ' యనగా ఏడాదికి నూటికి 24. బ్యాంకువారు ఏడాది లెక్క చెప్పుదురు. మఱి యొకరు వచ్చి 'ఫ్లాట్ రేటు నూటికి 12 మాత్రమే' అందురు. వినువాడు రూపాయి వడ్డీయే కదాయని సంతోషించి సంతకము చేయును. 10,000 రూపాయల యప్పు, 12 సమాన వాయిదాలు అనుకొందము. వడ్డీ 1,200 చేర్చి 11,200 రూపాయలను నెలకు 933 చొప్పున తీర్చవలెను. కాని ఋణస్థుని చేతిలో 10,000 రూపాయలు ఏడాది పొడుగున నిలిచినవా? నెలనెలకు అసలు తఱిగిపోవుచునే యున్నది. వడ్డీ మాత్రము తఱుగని అసలుమీద కట్టబడినది. తఱుగు అసలుపై లెక్కించినచో ఆ వడ్డీ ఏడాదికి నూటికి సుమారు 21.5, అనగా నెలకు రూపాయి కాదు, 1 రూపాయి 79 పైసలు! ఈ రెండు పద్ధతులును ప్రణాళికలో నున్నవి. విద్యార్థి రెంటికిని వాయిదా గణించి మార్కులు తెచ్చుకొనును. కాని ఏజెంటు కాగితము చేతికిచ్చిననాడు, 'అయ్యా, మీ 12 నిజమునకు 21.5' అని చెప్పగలుగుట లక్ష్యముగా వ్రాయబడనంతవఱకు ఆ మార్కులు ఎవరిని కాపాడును?

2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సూక్ష్మఋణ సంస్థలను అదుపుచేయుటకు ఆర్డినెన్సు తెచ్చినది. గ్రామీణ స్త్రీల అప్పుల గోడు రాష్ట్రమును కదలించిన పిమ్మటగాని ఆ శాసనము రాలేదు. న్యాయవాద వృత్తిలో నుండి మేము చెప్పునది యిది: చట్టము రోగము ముదిరిన పిమ్మట నిచ్చు మందు, లెక్క ముందుగా పాటింపవలసిన పథ్యము. మందులు ఎన్ని యున్నను పథ్యమెఱుగని యింట రోగము తిరిగి వచ్చును.

భూమి సంగతియు నట్టిదే. నాలుగు వైపుల కొలతలు తీసి, ఎదురెదురు భుజముల సగటులను హెచ్చవేసి విస్తీర్ణము చెప్పు వాడుక స్థలముల బేరములలో నేటికిని వినబడుచున్నది. సమాంతర భుజములు 40, 80 గజములును, ఏటవాలు భుజములు రెండును 25 గజములునుగల స్థలమును తీసికొనుడు. సగటులెక్క ప్రకారము 60ని 25తో హెచ్చింపగా 1,500 చదరపు గజములు. నిజమునకు ఆ సమాంతర భుజముల నడిమి లంబము 15 గజములే, విస్తీర్ణము 900. తేడా 600 చదరపు గజములు, అనగా 12 సెంట్లకు పైమాట. లేని నేలకు కొనువాడు డబ్బు చెల్లించును. దీర్ఘచతురస్రమునకు తప్ప ఈ సగటులెక్క ఎల్లప్పుడును ఎక్కువయే చూపును. 628వ సంవత్సరముననే బ్రహ్మగుప్తుడు ఇది స్థూలఫలమని చెప్పి, సూక్ష్మఫలమునకు వేఱు సూత్రము నొసగెను. పదమూడు శతాబ్దములు దాటినను స్థూలమునకే సొమ్ము చెల్లించుచున్న మనము ఏమి చదివినట్లు?

పనికివచ్చు లెక్క నిన్న మొన్న పుట్టినదనియు, అది గణితములో తక్కువజాతి యనియు తలచువారు మన వాఙ్మయచరిత్రను ఒక్కసారి తిరుగవేయుదురుగాక. మహావీరాచార్యుడు 9వ శతాబ్దమున రచించిన గణితసారసంగ్రహమున వడ్డిలెక్కలకును, క్షేత్రఫలములకును పెద్దపీట వేయబడినది. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి దెచ్చెను. తెలుగు సాహిత్యపు తొలినాళ్లలోనే గణితము తెలుగున పలికినది. నేడు మన బిడ్డకు ఆ లెక్కను తన మాటలలో చెప్పుమన్నచో నోరు పెగలదు.

ఇక ఎదురువాదములు. 'ఇది చదువు రానివారి గణితము' అనునది మొదటిది. ఈ యపవాదునకు విద్యామండలియే కొంత ఊతమిచ్చినది. పదవ తరగతిలో సులభగణితపు పరీక్ష వ్రాసినవారికి పైతరగతిలో అనువర్తిత గణితమే తగునని 2020లో నిర్ణయించుటచే, ఆ పేరుపై ముద్రపడినది. కాని పై స్థలపు లెక్కలో తప్పు ఎక్కడనో చూపుటకు, లంబము ఏటవాలు భుజముకంటె కుఱుచ యని తెలియవలెను, అది జ్యామితి. వడ్డీరేటు తేల్చుటకు గుణశ్రేఢి తెలియవలెను, అది బీజగణితము. సూత్రమును తలక్రిందులుగా అప్పగించుటకంటె, ఏ సూత్రము ఎక్కడ చెల్లదో ఎఱుగుట కష్టతరము. ఇందు సులభమేమున్నది?

'శుద్ధగణితము చెడిపోవును' అనునది రెండవ వాదము. శుద్ధగణితమును చదువువారిని మేము ఆపుట లేదు. మన తెలుగు రాష్ట్రముల ఇంటర్మీడియెట్ చదువులో దశాబ్దములపాటు జరిగినదేమి? ఎం.పి.సి. వారికి ప్రవేశపరీక్షల గణితము, హెచ్.ఇ.సి., సి.ఇ.సి. వారికి గణితమే లేదు. ఒకరికి అజీర్ణము, మఱియొకరికి ఉపవాసము. అప్పు చేయువారు, స్థలము కొనువారు, చీటీ పాడువారు, వోటు వేయువారు ఇరువురిలోను గలరు. ఎం.పి.సి. చదివినవానికి సహితము చీటీపాటలో తాను వదలుకొన్న సొమ్ము ఏ వడ్డీకి సమానమో తెలియదనినచో, ఆ గణితము వానికి మెట్టు కాదు, వట్టి గడప.

కావున లక్ష్యములు స్పష్టముగా వ్రాయబడవలెను. మొదటిది, కొలత: ఎకరములు, గుంటలు, సెంట్లు, గజముల నడుమ తడబడక మార్చి, విస్తీర్ణపు తప్పును చూపగలుగుట. రెండవది, కాలముతోడి ధనము: ఏ రూపమున చెప్పిన వడ్డీనైనను ఒక్క రూపమునకు తెచ్చి పోల్చగలుగుట. మూడవది, అనిశ్చయమును తూచుట: 1,000 మందిలో 10 మందికి రోగముండ, పరీక్ష వారిలో 9 మందిని పట్టి, తక్కిన 990 మందిలో 99 మందిని పొరపాటున రోగులనినచో, రోగమున్నదని తేలిన 108 మందిలో నిజమైన రోగులు 12లో ఒక్కరే యని వెఱవక చెప్పగలుగుట. నాల్గవది, వివరణ: చేసిన లెక్కను, పెట్టుకొన్న ఊహలను, చదువు లేని తల్లికి అర్థమగు తెలుగులో చెప్పగలుగుట. ఈ నాల్గవది లేనిచో తక్కిన మూడును విద్యార్థి నోటుపుస్తకమును దాటి రావు.

పరీక్షయు మాఱవలెను. ఋణపత్రమును, స్థలపు కొలతల పటమును, పత్రికలోని ప్రకటనను ఎదుటబెట్టి 'ఇందు మోసమున్నదా, లేదా? కారణము చెప్పుము' అని అడుగవలెను. ఇట్టి ప్రశ్నకు కంఠస్థము పనికిరాదు. బోధించువారికిని శిక్షణ కావలెను, అందుకు ధనము కావలెను. ఆ వ్యయమునకు వెనుదీయువారు, లెక్క రాక మన కుటుంబములు ఏటేట చెల్లించు వ్యయమును ఒక్కసారి కూడి చూతురుగాక.

పఠనమందిరములలో ఈ పంక్తులు చదువు పెద్దలారా! మీ పాఠశాల తల్లిదండ్రుల సమావేశమునకు పొండు. 'మా బిడ్డకు ఎన్ని మార్కులు?' అని అడుగుటతో తృప్తిపడకుడు. 'మా బిడ్డ మా యింటి యప్పుకాగితము చదివి నిజమైన వడ్డీ చెప్పగలడా?' అని అడుగుడు. ఉపాధ్యాయుడు సమాధానము చెప్పలేనిచో ఆ ప్రశ్నను ఆయన పైయధికారులకు పంపుడు, వారు చెప్పలేనిచో విద్యామండలికి పంపుడు. సమాధానము వచ్చువఱకు అడుగుట మానకుడు.