బావిని మరిచి చేదకి దండలు

2023లో తెలుగు పాట ఏం సాధించింది అని ఎవర్నడిగినా జవాబు ఒకటే: ఆస్కార్ కొట్టింది. నిజమే, చిన్న విషయమేం కాదు. భారతీయ సినిమాలోని ఒక పాటకి ఆస్కార్ రావడం అదే మొదటిసారి. (2009లో ‘జయహో’కి వచ్చింది కదా అంటారేమో, ఆ సినిమా బ్రిటిష్ వాళ్ళది.) కాలర్ ఎగరెయ్యాల్సిందే. కాకపోతే ఆ ఏడాది మొత్తాన్ని ఒక్క బంగారు బొమ్మతో సరిపెట్టేసుకుంటున్నాం, అదీ నా గొడవ. ఓసారి ఆ క్యాలెండర్ వరసగా తిప్పి చూద్దాం.

జనవరి 11. ‘నాటు నాటు’కి గోల్డెన్ గ్లోబ్ వచ్చిందన్న కబురుతో మనకి తెల్లారింది. సరిగ్గా ఆ రోజే పుష్య బహుళ పంచమి. తిరువయ్యూరులో కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి 176వ ఆరాధన. వందలమంది విద్వాంసులు బారులు తీరి కూర్చుని పంచరత్న కీర్తనలు పాడారు. ఆ అయిదింటిలో నాలుగు తెలుగువి, ఒకటి సంస్కృతం. పాడేవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తమిళం. ఒకే రోజు తెలుగు మాట లాస్ ఏంజిలెస్‌లోనూ మోగింది, కావేరి గట్టునా మోగింది. మొదటిది మనందరికీ తెలుసు. రెండోది ఎంతమందికి తెలుసంటారు?

ఫిబ్రవరి 2న కె. విశ్వనాథ్ గారు పోయారు. 1980లో ‘శంకరాభరణం’ విడుదలైంది కూడా ఫిబ్రవరి 2నే. రెండు రోజులు తిరక్కుండానే, 4వ తారీఖున వాణీ జయరాం గారు వెళ్ళిపోయారు. పద్మభూషణ్ ప్రకటించి అప్పటికి పదిరోజులే. ఆవిడకి గాయనిగా వచ్చిన మూడు జాతీయ అవార్డుల్లో రెండు (‘శంకరాభరణం’, ‘స్వాతికిరణం’) విశ్వనాథ్ గారి సినిమాలకే.

మార్చి 3న ‘బలగం’ వచ్చింది. సరిగ్గా పదిరోజులకి, 13వ తారీఖు పొద్దున్న, ఆస్కార్. అక్కడ వేదిక మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడుతున్న రోజుల్లోనే ఇక్కడ పల్లెల్లో తెరలు కట్టి ‘బలగం’ చూస్తూ జనం ఏడ్చారు. ఏడిపించింది హీరో కాదు. చివర్లో వచ్చి కథ చెప్పిన వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు.

ఆగస్టు 6న గద్దర్ పోయారు. పోయింది మా బల్కంపేటకి కూతవేటు దూరంలో, అమీర్‌పేటలోని ఒక ఆసుపత్రిలో. గొంగడి, గజ్జెలు, చేతిలో కర్ర... ఇవే ఆయన ఆర్కెస్ట్రా. ‘ఒరేయ్ రిక్షా’లో పాటకి నంది అవార్డు ఇస్తే వద్దన్న మనిషాయన. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులు ఆయన పేరు మీదే ఇస్తోంది, 2025 నుంచి. ఏమనాలో మీరే చెప్పండి :)

ఇవన్నీ వేర్వేరు వార్తలు కావని నా వాదన.

మా బల్కంపేట ఎల్లమ్మ గుడికి ఎప్పుడైనా వచ్చారా? అమ్మవారు వెలిసింది బావిలో. విగ్రహం ఇప్పటికీ నేలమట్టానికి దిగువనే ఉంటుంది, ఆ నీళ్ళే తీర్థం. మన సినిమా పాట కూడా అంతే. సినిమా అనేది చేద. మెరిసేలా తోమిన చేద, పొడవాటి తాడున్న చేద. నీళ్ళు మాత్రం కింద బావిలోవి. ఆ బావిలో రెండు ఊటలు: ఒకటి జానపదం, రెండోది శాస్త్రీయం.

‘నాటు నాటు’నే తీసుకోండి. దాని నడక ఆరు-ఎనిమిది, మన తిస్ర గతి. పల్లెల్లో డప్పు మీద తరతరాలుగా వింటున్న నడకే. రాసిన చంద్రబోస్ గారిది వరంగల్ వైపు చల్లగరిగె అనే పల్లెటూరు (అన్నట్టు ఆయనా మనలాగే ఇంజినీరింగ్ చదివారు). తొంభై శాతం పాట ఒక్క పూటలో రాసేశాననీ, మిగతా పది శాతానికి పంతొమ్మిది నెలలు పట్టిందనీ ఆయనే చెప్పారు. మన ప్రాజెక్టుల ఎస్టిమేషన్లకి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. పూటలో వచ్చిన ఆ తొంభై శాతం ఎక్కడిదంటారు? ఊళ్ళో చిన్నప్పట్నుంచీ చెవిలో పడ్డ మాటల్లోంచి వచ్చిందే. పాడిన రాహుల్ పాతబస్తీ కుర్రాడు, గజల్ గాయకుడు పండిత విఠల్ రావు గారి దగ్గర నేర్చుకున్నాడు. అంటే ఆ బొమ్మ వెనక పల్లె డప్పూ ఉంది, హైదరాబాదు గజలూ ఉంది. కీరవాణి గారైతే ఆస్కార్ వేదిక మీదే, చిన్నప్పుడు కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని చెప్పి మరీ వాళ్ళ బాణీలో పాడారు. తన బావి ఏదో దాచుకోకుండా చెప్పడమంటే అదీ.

"సినిమా లేకపోతే మొగిలయ్య ఎవరికి తెలుసు? సినిమా లేకపోతే శంకరాభరణం రాగం పేరు మనకెలా తెలిసేది?" అని మీరు అడగొచ్చు. నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా. చేద లేకపోతే నీళ్ళు పైకి రావు. విశ్వనాథ్ గారంత గొప్పగా తోడినవాళ్ళు ఇంకొకరు లేరు. కానీ తోడుకోవడం ఒక పని, పూడిక తియ్యడం ఇంకో పని. సినిమావాళ్ళ పని తోడుకోవడం, వాళ్ళు చేస్తున్నారు. పూడిక తీసేదెవరు? ఓపెన్ సోర్స్ లైబ్రరీ మీద వందల కంపెనీలు బతుకుతుంటాయి, దాన్ని నిర్వహించే మనిషికి మాత్రం జీతం ఇచ్చే దిక్కుండదు. రిలీజ్ పార్టీలో ఆయన పేరు కూడా వినపడదు. ఇదీ అచ్చం అలాంటి కథే.

‘బలగం’లో ‘ఊరు పల్లెటూరు’ రాసిన కాసర్ల శ్యామ్‌కి జాతీయ అవార్డు వచ్చింది, 2025 ఆగస్టులో ప్రకటించారు. చాలా సంతోషం. అంతకు ముందే, 2024 డిసెంబరులో, మొగిలయ్య కిడ్నీ జబ్బుతో పోయాడు. ఆయన జబ్బుపడితే సాయం చేసినవాళ్ళున్నారు, కాదనను. కానీ ఆయనకి తెలిసిన కథలెన్ని? వాటిలో ఎన్ని రాతలోకో, రికార్డులోకో ఎక్కాయి? మన తెరకి కావలసింది అయిదారు నిమిషాలు. అది దొరికింది, చప్పట్లు కొట్టాం, ఇంటికొచ్చేశాం.

అమీర్‌పేటలో దొరకని కోర్సు లేదంటారు. జావా నుంచి డేటా సైన్స్ దాకా గోడ ఖాళీ లేకుండా బోర్డులు. ఎల్లమ్మ కథని జమిడిక మీద చెప్పే బైండ్లవాళ్ళ దగ్గర ఆ కథ నేర్చుకోవడానికి ఎల్లమ్మ ఊళ్ళోనే ఒక్క బోర్డు నాకు కనపడలేదు. ఆషాఢంలో అమ్మవారి కల్యాణం అప్పుడు సందుల్లో హోరెత్తేది డీజే, అందులో మోగేది మళ్ళీ సినిమా పాటే. చేదలోని నీళ్ళు చేదలోనే పోసుకుంటున్నాం.

ప్రభుత్వం ఏదో చెయ్యాలని రాసి చేతులు దులుపుకోవచ్చు. చెయ్యాలి కూడా. కానీ ఇది చదువుతున్న మనలో చాలామందికి నెలకి ఒక ఓటీటీ, రెండు మ్యూజిక్ యాప్‌ల చందా భారం కాదు. సినిమా సంగీత దర్శకుడి షో వస్తే వేలు పోసి టికెట్ కొంటాం. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఊరికే వినమన్నా కుర్చీలు ఖాళీగా ఉంటాయి. వారం మారితే కచేరీ మారుతుంది, నెలకి ఒక్క సాయంత్రం అక్కడ కూర్చోండి. పిల్లలకి కోడింగ్ క్లాసు ఎలాగూ పెట్టిస్తారు, దాంతోపాటు సంగీతం టీచరుకి కూడా బేరమాడకుండా ఫీజు ఇవ్వండి. కంపెనీలో సంక్రాంతికో బతుకమ్మకో కార్యక్రమం పెడితే డీజే బడ్జెట్‌లో సగం ఒగ్గుకథ వాళ్ళకో, జమిడిక వాళ్ళకో ఇవ్వండి. స్టేజి మీద వాళ్ళ పేర్లు, ఊరి పేరుతో సహా చదవండి. వాళ్ళు సరేనంటే పాడింది పూర్తిగా రికార్డు చేసి, ఆ కాపీ వాళ్ళకీ ఇవ్వండి.

ఇంకో పదేళ్ళకి ఇంకో చంద్రబోస్ పూటలో తొంభై శాతం పాట రాయాలంటే, వాడి చెవిలో ఇప్పుడు ఏదో ఒకటి పడుతూ ఉండాలి కదా. ఆ చెవి మన ఇంట్లోనే ఉందేమో, ఎవరు చూడొచ్చారు?