ఇంటి సర్వర్‌కు వీధి తలుపు ఎందుకు?

తెలంగాణ నుంచి సూరత్ మరమగ్గాలకు వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. ఖటోదరాలో అలాంటి ఒక ఇల్లు ఊహించుకోండి. కాలేజీ కుర్రాడు పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, ఇంటి ఫోటోలన్నీ దాచే సర్వర్‌గా మార్చాడు. నెలనెలా అద్దె లేదు, ఫోటోలు ఇల్లు దాటవు. కానీ సిరిసిల్లలో ఉన్న నానమ్మ కూడా వాటిని చూడాలి. ఈ ప్రశ్నకు ఎక్కువగా వినబడే సలహా ఒకటే: రౌటర్‌లో పోర్టు తెరవమని. నా దృష్టిలో అది అన్నిటికన్నా చివర ఆలోచించాల్సిన మార్గం.

మా ఇల్లు ఎవరికి తెలుసులే అనుకోవడానికి లేదు. ఐపీవీ4 చిరునామాలు మొత్తం కలిపినా 430 కోట్ల లోపే. ఒక్క కంప్యూటర్‌తో ఈ చిరునామాలన్నిటి తలుపూ 45 నిమిషాల్లోపు తట్టి రావచ్చని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లోనే జెడ్‌మ్యాప్‌తో చూపించారు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ ఇలాగే నెట్ అంతా వెతికి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ రౌటర్లనూ లొంగదీసుకుంది. ఆ అక్టోబర్ 21న అవి డిన్ సంస్థ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి చాలామందికి గంటల తరబడి అందలేదు. కెమెరాల యజమానులకు మాత్రం ఏమీ తెలియదు!

హెచ్‌టీటీపీఎస్ తాళం గుర్తు ఉంటే చాలదా? అది దారిలో సమాచారాన్ని కాపాడుతుంది. సర్వర్‌లోని ప్రోగ్రామ్‌లో లోపం ఉంటే దాన్ని కప్పిపుచ్చదు. పైగా సర్టిఫికెట్ తీసుకోగానే ఆ సైటు పేరు ఎవరైనా చదవగల బహిరంగ చిట్టాలోకి ఎక్కుతుంది.

వైర్‌గార్డ్ పద్ధతి వేరు. 2020 మార్చిలో లినక్స్ 5.6లో భాగమైన ఈ వీపీఎన్, సరైన తాళంచెవి లేకుండా వచ్చిన ప్యాకెట్‌కు జవాబే ఇవ్వదు. వెతికేవాడికి అక్కడ ఏదో ఉందన్న జాడ కూడా దొరకదు. నానమ్మ ఫోన్‌లో మనవడు ఒకసారి అమర్చి ఇస్తే సరి.

ఒక చిక్కుంది. చాలా నెట్ కంపెనీలు ఒకే చిరునామాను అనేక ఇళ్లకు పంచుతాయి. బయటినుంచి ఇంటికి నేరుగా రావడం కుదరదు. ఇందుకు కంపెనీని తిట్టుకునేవాళ్లను చూశాను గానీ, తొందరపడి పోర్టు తెరవకుండా ఆపే అడ్డం కాబట్టి నాకు దానిమీద కోపం లేదు. బయట ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, ఇంటి కంప్యూటరే దానికి వైర్‌గార్డ్‌తో కలిసేలా చేస్తే పని జరుగుతుంది. ఉచిత టన్నెల్ సేవలు ఇంకా సులువే, కాకపోతే కొన్నింటిలో హెచ్‌టీటీపీఎస్ తాళం మధ్యవర్తి దగ్గరే తెరుచుకుంటుంది. ఫోటోలు ఇంట్లోనే ఉంచుకోవాలన్న పట్టుదల ఉన్నవాళ్లు అది గమనించాలి.

పెళ్లి ఆల్బమ్ రెండొందల మంది బంధువులకు చూపాలంటే అందరి ఫోన్లలో వీపీఎన్ వేయలేం, నిజమే. అప్పుడు ఆ ఆల్బమ్ కాపీని మాత్రమే అద్దె సర్వర్‌లో పెట్టి, సందడి తగ్గాక తీసేయవచ్చు. మిగతా ఫోటోలున్న పెట్టె ఖటోదరాలోనే ఉంటుంది.