సొమ్ము తీసికొన్ననాడు పలుకని నిబంధన

సొమ్ము పుచ్చుకొనునాడు మౌనమును, సొమ్మీయవలసిననాడు వ్యాకరణమును వహించువానిని మన పెద్దలు వర్తకుడనలేదు. వ్యవసాయవాహనముల బీమా నేడు మన తెలుగునాట నడచుచున్న తీరిదియే. రైతు ప్రీమియము కట్టునాడు, “అయ్యా, నీ ట్రాక్టరు నెవరు నడపుదురు? వారికి లైసెన్సు కలదా? దాని గడు వెన్నటికి తీరును?” అని యడుగువాడు లేడు. ఆ ట్రాక్టరు తాకి యొకడు మరణించిన పిమ్మట నీ ప్రశ్నలన్నియు నొక్కమారుగా పుట్టుచున్నవి. పుట్టి, యొకవైపు చచ్చినవాని భార్యను, మరొకవైపు ట్రాక్టరు యజమానిని కోర్టు వసారాలలో నిలువబెట్టుచున్నవి.

ఈ మాట మేము హైదరాబాదు పడమటి కొసను నిలిచి వ్రాయుచున్నాము. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు ఇచ్చట సైబర్ టవర్సును ప్రారంభించిరి. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ అనునవి అంతకుముందు నగరపు పొలిమేర పల్లెలు. నేడు అద్దాల మేడలు. అయినను ట్రాక్టరు ఈ వీథులను విడిచిపోలేదు. కట్టడములకు నీటి ట్యాంకరు నీడ్చునది అదియే. పునాదుల మట్టిని, కూల్చిన గోడల శిథిలములను మోయునదియు నదియే. ఈ మేడల నడుమనే, నానక్‌రాంగూడ ఆర్థికమండలమున, భారత బీమా నియంత్రణాభివృద్ధి సంస్థ ప్రధాన కార్యాలయము కలదు. 1999 నాటి చట్టముచే నేర్పడిన యీ సంస్థ దేశమందలి బీమా వ్యాపారమున కంతకును కావలి. కావలివాని వాకిటి ముందునుండియే ట్రాక్టరు పోవుచున్నది. కావున మా ప్రశ్నను ఢిల్లీదాక మోసికొనిపోవ నక్కరలేదు. ఈ వీథిలోనే యడుగవచ్చును.

ఇంతకు నా నిబంధన యేమి? చూచుటకు చిన్న వాక్యము. యజమానితో సహా ఎవ్వరైనను వాహనమును నడపవచ్చును. అయితే ప్రమాదసమయమున నడపువానికి చెల్లుబడిలోనున్న లైసెన్సు ఉండవలెను. అతడు లైసెన్సు పొందుటకు అనర్హుడై యుండరాదు. అభ్యాసకుని లైసెన్సు గలవాడును నడపవచ్చును గాని, అప్పుడు బండిలో సరకుగాని మనుష్యులుగాని ఉండరాదు. అంతేకాదు, 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 3వ నియమము ననుసరించి, బండిని ఆపగల చోట లైసెన్సుగల శిక్షకుడు కూర్చుండవలెను. ట్రాక్టరున కుండునది ఒక్కటే ఆసనము. ఆ శిక్షకు డెచ్చట కూర్చుండునో ఆ వాక్యము వ్రాసినవారు ఆలోచించినట్లు కనబడదు. వడ్లబస్తా యొకటి ట్రాలీలో నున్నచో నేర్చుకొను కుఱ్ఱవానికి ఆ రక్షణము తొలగిపోవును.

ఈ చిన్న వాక్యములో రైతు కాలికి తగులుకొను ఉచ్చులు నాలుగు కలవు. వానిని విడమరచి చెప్పుట మా ధర్మము.

మొదటిది లైసెన్సు జాతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 2వ సెక్షను ప్రకారము ఖాళీ బరువు 7,500 కిలోగ్రాములకు మించని ట్రాక్టరు తేలికపాటి మోటారు వాహనమే. కావున ఆ తరగతి లైసెన్సు గలవాడు దానిని నడపవచ్చును. కాని మన పల్లెలలో పెక్కండ్రకు నుండునది మోటారుసైకిలు లైసెన్సు మాత్రమే. దానిని జేబులో నుంచుకొని ట్రాక్టరు నెక్కినవాడు చట్టము దృష్టిలో లైసెన్సు లేనివాడు.

రెండవది గడువు. పూర్వము లైసెన్సు గడువు తీరిన తరువాత ముప్పది దినములు చెల్లుబడి యుండెడిది. 2019 నాటి సవరణచట్టము ఆ వెసులుబాటును తీసివేసెను. నేడు గడువు తీరిన మరునాటినుండియే లైసెన్సు లేనట్లు. ఏడాదిలోపల కొత్తది చేయించుకొనవచ్చును గాని, అది చేయించుకొన్న దినమునుండియే చెల్లును. నడుమ జరిగిన ప్రమాదమునకు రక్షణ యీయదు. ఏడాది దాటినచో మరల పరీక్షకు నిలువవలెను.

మూడవది వయస్సు. పదునెనిమిది నిండనివానికి ట్రాక్టరు చక్రము నిచ్చుట నేరము. 2019 సవరణచే చేరిన 199-ఏ సెక్షను ప్రకారము అట్లిచ్చిన తండ్రికి గాని యజమానికి గాని మూడేండ్లవరకు ఖైదు, 25,000 రూపాయల జుల్మానా; వాహనపు రిజిస్ట్రేషను పండ్రెండు మాసములు రద్దు.

నాలుగవది పని. వ్యవసాయమునకని బీమా చేసిన ట్రాక్టరు ఇటుకబట్టీకి మట్టి తోలినను, కిరాయికి ఇసుక మోసినను, చోదకుడు యోగ్యుడైనను పాలసీ చెడవచ్చును. 2007లో సుప్రీముకోర్టు ఓరియంటల్ ఇన్సూరెన్సు – బ్రిజ్ మోహన్ వ్యాజ్యములో ఇటుకబట్టీ మట్టి తోలు ట్రాక్టరు ట్రాలీపై కూర్చున్న కూలివాని విషయమున కంపెనీకి బాధ్యత లేదనియే చెప్పెను. అయినను తన విశేషాధికారముచే ముందు కంపెనీ చెల్లించి, పిమ్మట యజమానినుండి రాబట్టుకొనవలెనని యాజ్ఞాపించెను.

న్యాయస్థానములు రైతును విడిచిపెట్టినవని మే మనము. 2001లో నాగశెట్టి వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ట్రాక్టరు లైసెన్సు గలవాడు ట్రాలీ తగిలించినంతమాత్రమున అయోగ్యుడు కాడని చెప్పెను. 2004లో స్వరణ్ సింగు వ్యాజ్యమున, లైసెన్సు లోపమును నిరూపించు భారము కంపెనీదే యనియు, యజమాని తెలిసి నిర్లక్ష్యము చేసెనని చూపవలెననియు ముగ్గురు న్యాయమూర్తులు తీర్మానించిరి. 2017లో ముకుంద్ దేవాంగన్ వ్యాజ్యమునను, మరల 2024 నవంబరు 6వ తేదీన రంభాదేవి వ్యాజ్యమున ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనమునను, తేలికపాటి వాహనపు లైసెన్సు గలవాడు 7,500 కిలోలలోపు రవాణా వాహనమును వేరు మెండార్పు లేకయే నడపవచ్చునని స్థిరపడెను. ఇన్ని తీర్పులు వచ్చుట కెన్ని యేండ్లు పట్టినవి! ఒక్కొక్క తీర్పు వెనుక ఎందరు విధవలు వాయిదాలు లెక్కించిరి! స్పష్టముగా వ్రాయబడిన యొప్పందమునకు ఇన్ని ధర్మాసనములు కావలెనా?

మా కార్యాలయమునకు వచ్చిన యొక రైతు విషయము చెప్పెదము. ఊరిపేరును కంపెనీపేరును చెప్పము. అతని కుమారుడు పదియేండ్లుగా ట్రాక్టరు నడపుచున్నవాడు, లైసెన్సు గలవాడే. సాయంకాలము పొలమునుండి వచ్చుచుండగా సైకిలుపై నున్న యొకనికి ట్రాక్టరు తగిలెను, అతడు మరణించెను. ట్రిబ్యునలులో కంపెనీవారు దాఖలుచేసిన జవాబులో ముఖ్యమైన వాక్య మొక్కటియే: చోదకుని లైసెన్సు గడువు పందొమ్మిది దినముల క్రిందట తీరినది. ఆ రైతు మమ్ము నడిగిన దిదియే: “అయ్యా, ప్రీమియము గడువు తీరునని నా ఫోనుకు నాలుగుమార్లు సందేశము పంపినారు గదా, లైసెన్సు గడువు సంగతి ఒక్కమారైన చెప్పలేదేమి?” ఆ వ్యాజ్య మింకను విచారణలో నున్నది. రైతు ప్రశ్నకు మాత్ర మెవ్వరును జవాబు దాఖలు చేయలేదు.

ముందు చెల్లించి పిమ్మట రాబట్టుకొను పద్ధతి విధవకు మేలే. దానిని మేము నిందింపము. కాని రాబట్టుట యెవరినుండి? రైతునుండి. ట్రిబ్యునలు తీర్పుసొమ్మును భూమిశిస్తు బకాయివలె వసూలుచేయుటకు చట్టము దారి చూపినది. భూమిశిస్తు బకాయి యన్న మాట మన తాతలకు దెలియును: జప్తు, వేలము. ప్రతి యేటను ప్రీమియము కట్టిన రైతు తుదకు ఎకరము కోలుపోవునట్టిదైనచో, అతడు కొన్నదేమి? భద్రతయా, భద్రత యను పేరుగల కాగితమా?

ఇంతకంటె ఘోరమైన సంగతి కూలీలది. ట్రాలీలో కూర్చున్న మనుష్యులను పాలసీ మనుష్యులుగా లెక్కింపదు. 2018 జూన్ 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలము వేములకొండ యొద్ద కూలీలతో పోవు ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తాపడి పదునేనుగురు మరణించిరి. వారిలో అత్యధికులు స్త్రీలు. అదే యేడు ఏప్రిలులో నల్లగొండ జిల్లా వద్దిపట్ల యొద్దను కూలీల ట్రాక్టరు కాలువలో బడి ప్రాణనష్టము జరిగెను. ఆ ప్రమాదముల వ్యాజ్యములను గూర్చి మే మేమియు చెప్పుట లేదు. మేము చెప్పునది లోకమెఱిగిన సత్యము: నాట్లకును కోతలకును స్త్రీలు ట్రాలీలోనే పోవుదురు, వేరు బండి వారికి లేదు. ఈ సత్యమును ఎఱిగియు, లేనట్లు నటించి పాలసీ వ్రాయుట న్యాయమా?

కంపెనీవారి వాదమును వినిపింపకుండుట ధర్మము కాదు. వారందురు: “లైసెన్సు నియమము ప్రాణరక్షణకొఱకు పుట్టినది. అయోగ్యుడు నడపినను చెల్లింపుమన్నచో నియమమునకు విలువ యుండదు. నిజాయితీగల రైతు ప్రీమియము పెరుగును.” ఇందు సత్యము కలదు; బొత్తిగా నడపనేరని బాలుని పక్షమున మేము వకాల్తా పుచ్చుకొనుట లేదు. కాని పదియేండ్లు నడపినవాని నేర్పు ఒక రాత్రి గడువుతో తీరిపోవునా? నియమపు ప్రయోజనము ప్రాణరక్షణమే యైనచో దానిని ప్రమాదమునకు ముందు చదువవలెను గాని, శవమును పాతిన తరువాత గాదు. లైసెన్సుల వివరములు నేడు ప్రభుత్వపు కంప్యూటర్లలో కలవు. ఈ హైటెక్ సిటీలో కూర్చుండి అమెరికావాని లెక్కలు రాత్రికి రాత్రి సరిచూచు మన పిల్లలు, శంకర్‌పల్లి రైతు లైసెన్సు గడువును సరిచూడలేరా? చూడగలరు. చూడుమని చెప్పినవాడు లేడు. చూచినచో ప్రీమియము పోవునేమో యను భయ మొక్కటి కలదు.

2024 జూనులో నియంత్రణ సంస్థ వెలువరించిన ప్రధాన సర్క్యులరులో, పత్రములు లేవను కారణమున క్లెయిమును నిరాకరింపరాదనియు, కావలసిన పత్రములను పాలసీ వ్రాయునాడే యడుగవలెననియు చెప్పబడినది. మంచిమాట. ఆ మాటను తుదవరకు నడిపింపుడనియే మా కోరిక.

ఇక మన దోషమును మనము దాచుకొనరాదు. పదునైదేండ్ల కొడుకు ట్రాక్టరు తోలుచుండగా మీసము దువ్వు తండ్రి మన ఊర లేడా? వెయ్యి రూపాయలు మిగులునని వ్యవసాయపు పాలసీ తీసికొని ఇసుక తోలు యజమాని లేడా? లైసెన్సు పరీక్ష కొక పూట పోవుట దండుగ యని, దళారికి సొమ్మిచ్చి కాగితము తెప్పించుకొనువాడు లేడా? చదువుకొన్న మనము పాలసీని పెట్టెలో పెట్టి తాళము వేయుదుము గాని తెరచి చదువము. 1901లో ఈ హైదరాబాదు నగరముననే శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసెను. 1906లో విజ్ఞానచంద్రికామండలి పుట్టి శాస్త్రములను తెనుగున చెప్పబూనెను. నూరేండ్లు దాటినవి. మా కంటబడిన ట్రాక్టరు పాలసీ లన్నియు ఇంకను ఇంగ్లీషుననే యున్నవి. ఇది కంపెనీల దోష మెంతయో, తెనుగున కావలెనని యడుగని మన దోషమును నంతయే.

కావున మా కోరికలు నాలుగు. చోదకుని యర్హత నిబంధనను పాలసీ మొదటి పుటలో పెద్దయక్షరములతో తెనుగున అచ్చు వేయవలెను. పాలసీ వ్రాయునాడే నడపువారి లైసెన్సుల తరగతిని, గడువును నమోదుచేసి, గడువు తీరుటకు ముప్పది దినములు ముందు ప్రీమియమునకు పంపినట్లే తెనుగున సందేశము పంపవలెను. అట్లు పంపని కంపెనీకి గడువు లోపమును వాదించు హక్కుండరాదు. కూలీల ప్రయాణమునకు తగిన బండ్లను, తగిన బీమాను ప్రభుత్వమే యేర్పరుపవలెను. రవాణాశాఖవారు నాట్ల కాలమునకు ముందు ప్రతి మండలమునను లైసెన్సు శిబిరము నడపవలెను.

పఠనమందిరములలో ఈ పత్రిక చదువు మహాశయులారా! మీలో పెక్కండ్రకు పల్లెలో అన్నయో మామయో కలరు. వారి యింట ట్రాక్టరు కలదు. ఈ వారము వారి యింటికి పొండు. పాలసీని పెట్టెనుండి తీయింపుడు. లైసెన్సును దాని ప్రక్కన బెట్టి, తరగతిని, తేదీని బిగ్గరగా చదువుడు. ఆ యింటి స్త్రీలు కూడ విననిండు. ప్రమాదము జరిగిననాడు కోర్టు వసారాలో నిలువవలసినది వారే. నానక్‌రాంగూడవారు మన మాట వినువరకు ఈ పని మనది.