వంటలక్క కథ ముగిసిందా.. ఆగిందా? బందరు నుంచి దివిసీమ దాకా తెగని పంచాయితీ

బందరు, గుడివాడ, అవనిగడ్డ.. 2024 మార్చి చివర్లో ఎటు చూసినా మళ్లీ అదే మాట. వంటలక్క వచ్చేసింది! స్టార్ మాలో 2024 మార్చి 25, సోమవారం రాత్రి 8 గంటలకు 'కార్తీకదీపం - ఇది నవ వసంతం' మొదలైంది. ప్రేమి విశ్వనాథ్, నిరుపమ్ పరిటాల.. అదే జంట. డైరెక్టర్ కాపుగంటి రాజేంద్ర.. ఆయనే. పాత్రల పేర్లు కూడా దీప, కార్తీక్. కథ మాత్రం వేరు. ఇక్కడ కార్తీక్ డాక్టర్ బాబు కాదు. మొదట్లో దీపకు మొగుడూ కాదు.

దాంతో అప్పటికి 14 నెలల కిందటి గొడవ మళ్లీ లేచింది. మరి ఆ పాత దీప ఏమైనట్టు? ఆ కథ ఎక్కడ తేలినట్టు?

కొందరికి ఇది నవ్వులాట. సీరియల్ గురించి ఇంత చర్చా అంటారు. కానీ ఒక్కసారి లెక్క వేయండి. కార్తీకదీపం మొదటి భాగం 2017 అక్టోబర్ 16న మొదలై 2023 జనవరి 23న ఆగింది. మొత్తం 1569 ఎపిసోడ్లు. యాడ్స్ తీసేసి ఒక్కోటి 20 నిమిషాలు వేసుకున్నా 520 గంటల పైమాటే. అంటే రాత్రీ పగలూ కదలకుండా కూర్చుంటే దాదాపు 22 రోజులు. అంత టైం ఇచ్చిన మనిషికి చివర్లో ఏమైందో అడిగే హక్కు ఉండదా?

పైగా ఇది ఆడవాళ్ల గోల అని కొట్టేయడానికీ లేదు. 2020లో ఐపీఎల్ మ్యాచ్‌లు కూడా సరిగ్గా రాత్రి ఏడున్నరకే పెట్టారు. ఇంట్లో ఒకటే టీవీ ఉన్నచోట రిమోట్ ఎవరి చేతిలో ఉందో, మ్యాచ్ ఎవరు ఫోన్లో చూసుకున్నారో మగవాళ్లకే బాగా గుర్తుండాలి. ఆ పక్కనే కూర్చుని 'మోనిత ఇవాళ ఏం చేసింది' అని అడిగింది కూడా వాళ్లే.

అసలు గొడవ ఎక్కడ?

మలయాళం 'కరుత్తముత్తు'కి ఇది తెలుగు రూపం. నల్లపిల్ల అని అందరూ చిన్నచూపు చూసే దీప, ఆమెను ఇష్టపడి చేసుకున్న డాక్టర్ కార్తీక్, మధ్యలో మోనిత. తనకు పిల్లలు పుట్టరని నమ్మిన కార్తీక్, కడుపుతో ఉన్న భార్యను అనుమానిస్తాడు. దీప గడప దాటి, గరిట పట్టి, వంటలక్కగా కూతుర్ని పెంచుకుంటుంది. కథంతా ఈ ఒక్క అనుమానం మీదే నిలబడింది.

చివరి ఎపిసోడ్ చూసినవాళ్లు రెండుగా చీలిపోయారు. ముడులన్నీ విప్పి, అందరినీ ఒక చోట కూర్చోబెట్టి పాడిన మంగళం కాదది. ఇక వీళ్లు చల్లగా ఉన్నారు అని గట్టిగా చెప్పలేదు, లేరు అనీ చెప్పలేదు. హడావుడిగా చుట్టేశారని ఒక వర్గం తిట్టిపోసింది. ఇన్నేళ్లు ఏడిపించారు, చివర్లో చంపకుండా వదిలారు, అదే పదివేలు అని ఇంకో వర్గం ఊపిరి పీల్చుకుంది.

రెండు వర్గాలూ చూసింది ఒకే సీన్. మరి ఇంత తేడా ఎందుకు? వాళ్లు మొదటి నుంచీ వేసుకున్న ప్రశ్నలు వేరు కాబట్టి. దీప తప్పు చేయలేదని లోకానికి తెలుస్తుందా అన్నదే తన ప్రశ్న అనుకున్న ప్రేక్షకురాలికి, కార్తీక్‌కు నిజం తెలిసిన రోజునే సీరియల్ అయిపోయింది. ఆ తర్వాత వచ్చినదంతా సాగదీతే. ఎలా ఆపినా ఆమెకు నష్టం లేదు. ఆ సంసారం ఒక గూటికి చేరుతుందా అని చూసినవాళ్లకు మాత్రం లెక్క ఇంకా బాకీ ఉంది. మోనితకు తగిన శాస్తి జరగాలని కూర్చున్నవాళ్లది మరో లెక్క. వాళ్లను ఏ ముగింపూ తృప్తిపరచలేదు లెండి.

ఫోన్లో రెండు నిమిషాల ముక్కలు చూసుకుంటూ వచ్చినవాళ్లకు ఈ బాధ తక్కువ. వాళ్లకు ప్రతి ముక్కా ఒక సస్పెన్సే. చిలకలపూడి వైపు ఇంట్లో రోల్డ్ గోల్డ్ నగల పని చేసుకుంటూ ఏడున్నరకల్లా టీవీ పెట్టుకునే మనిషికీ, బస్సులో షార్ట్స్ చూసే కుర్రాడికీ ఒకే ముగింపు నచ్చాలంటే కుదరదు.

నమ్మకం పోయింది జనవరిలో కాదు

నన్నడిగితే అసలు దెబ్బ చివరి ఎపిసోడ్‌లో తగల్లేదు. అంతకు పది నెలల ముందే తగిలింది. 2022 మార్చిలో కారు ప్రమాదం పెట్టి దీపను, కార్తీక్‌ను కథలోంచి తప్పించారు. కూతుళ్లు శౌర్య, హిమ పెద్దవాళ్లయి, కథ వాళ్ల మీదకు మళ్లింది. జనం ఏడ్చారు. నిజంగానే ఏడ్చారు. తర్వాత చూడటం తగ్గించారు. కొన్ని నెలలు తిరక్కుండానే, ఆగస్టు ప్రాంతంలో, వంటలక్కనూ డాక్టర్ బాబునూ మళ్లీ తెచ్చి నిలబెట్టారు.

అప్పుడు సంబరపడినవాళ్లు చాలామందే. కానీ ఆ రోజుతో ఒక సంగతి అందరికీ అర్థమైపోయింది. ఈ కథలో చావు కూడా ఖాయం కాదు. చావే ఖాయం కానప్పుడు శుభం కార్డు ఎలా ఖాయం అవుతుంది? అందుకే జనవరిలో తెర పడ్డప్పుడు సగంమంది కథను చూడలేదు, నిర్మాతల ఆలోచన ఏమిటా అని చూశారు. మళ్లీ రావడానికే తలుపు ఓరగా వేసి పోయారని అప్పుడే అన్నారు. వాళ్ల అనుమానం సగం నిజమైంది. తలుపు తెరిచారు. వచ్చింది మాత్రం వేరే దీప.

ఏడిపిస్తే కోపం లేదు.. తేల్చకపోతేనే

కృష్ణా డెల్టా జనానికి విషాదం పడదని ఎవరైనా అంటే నమ్మకండి. 1953లో 'దేవదాసు'ను తల మీద పెట్టుకున్న నేల ఇది. హీరో అక్కినేని నాగేశ్వరరావు గుడివాడ పక్కన రామాపురం మనిషి. డైరెక్టర్ వేదాంతం రాఘవయ్య మన కూచిపూడి ఆయన. చివర్లో దేవదాసు పార్వతి ఇంటి ముందు ప్రాణం వదులుతాడు. థియేటర్లో ఏడ్చారు, మళ్లీ టికెట్ కొన్నారు. ఏమైందో తెలియలేదని మాత్రం ఒక్కరూ అనలేదు.

అదే కూచిపూడిలో భామాకలాపం కట్టారు. సత్యభామ ఎంత అలిగినా, ఎంత విరహపడినా చివరికి కృష్ణుడి దగ్గరకు చేరుతుంది. ఆ పక్కనే మొవ్వ. అక్కడి క్షేత్రయ్య పదాల్లో నాయిక మువ్వగోపాలుడి కోసం చూస్తూ ఉంటుంది. వచ్చాడా లేదా అన్నది చాలా పదాల్లో తేలదు. అయినా మూడు వందల ఏళ్లకు పైగా పాడుకుంటూనే ఉన్నారు. తేలని కథ మనకు కొత్త కాదు అని వాదించేవాళ్లకు ఇది మంచి ఆధారమే. కాకపోతే ఒక తేడా ఉంది. క్షేత్రయ్య రేపు ఏడున్నరకి వచ్చి చెప్తానని ఎవరికీ మాట ఇవ్వలేదు.

దివిసీమకు వస్తే ఈ మాట ఇంకొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. 1977 నవంబర్ 19 ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయారు. చాలామంది శవాలు కూడా దొరకలేదు. కడసారి చూపు దక్కని ఇళ్లు నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు ఎన్నో. మనిషి పోయాడని ఒప్పుకోవాలా, ఎక్కడో బతికుంటాడని ఎదురుచూడాలా? మనిషి ఆచూకీ లేకపోతే పోయినట్టు అనుకోవడానికి చట్టం కూడా ఏడేళ్లు ఆగమంటుంది. సముద్రం మీదకు వేటకు వెళ్లిన పడవ చెప్పిన రోజుకు తిరిగి రాకపోతే గిలకలదిండిలో ఇప్పటికీ ఒడ్డున నిలబడే భయం అదే. సీరియల్‌కూ దానికీ పోలిక పెట్టడం లేదు. కానీ 'ఉందో లేదో చెప్పకుండా పోయారు' అని ఒక పెద్దావిడ వంటలక్క గురించి కోప్పడుతుంటే నవ్వేముందు, ఆ ఇంట్లో ఆ మాటకు ఇంకేమైనా బరువు ఉందేమో చూసుకోవడం మంచిది.

ఇలాంటి గొడవ అమెరికాలోనూ జరిగింది. 2007 జూన్ 10న హెచ్‌బీఓలో 'ది సోప్రానోస్' చివరి ఎపిసోడ్. హోటల్లో కుటుంబం కూర్చుని ఉంటుంది, హఠాత్తుగా తెర నల్లబడిపోతుంది. హీరో చచ్చాడా బతికాడా తెలియదు. కేబుల్ పోయిందేమో అని జనం టీవీలు తట్టి చూశారు. తిట్లూ పొగడ్తలూ సమానంగా వచ్చాయి. కాలం గడిచేకొద్దీ అది గొప్ప ముగింపుల్లో ఒకటని పేరు తెచ్చుకుంది. ఎందుకంటే దాన్ని తీసిన డేవిడ్ ఛేజ్ ముందే అనుకుని అక్కడ కత్తిరించాడు. మన డైలీ సీరియల్ పద్ధతి వేరు. రేటింగ్ ఉంటే కథ పెరుగుతుంది, పడితే మలుపు తిరుగుతుంది, ఇంకా పడితే ఆగుతుంది. అక్కడ ప్రశ్న మిగిలిందంటే అది రచయిత వదిలినదా, స్లాట్ మింగినదా అని ప్రేక్షకుడికి అనుమానం రావడం సహజం. సగం దించిన షట్టర్ చూసి కొట్టు మూసేశారో, భోజనానికి వెళ్లారో ఎవరు చెప్పగలరు?

అప్పట్లో ఇళ్లలో పంచాయితీ ఇలా నడిచింది. పాత కథకు జవాబు చెప్పకుండా కొత్తది చూసేది లేదని అత్తగారు. పేర్లు అవే గానీ ఇది వేరే కథ అత్తయ్యా, దేనికదే చూడాలి అని కోడలు. నవ వసంతంలో దీప పక్కన ఉన్న చిన్నపిల్ల పేరు శౌర్య అని వినగానే మాత్రం వంటింట్లోంచి అత్తగారి గొంతు.. "సౌండు కొంచెం పెంచమ్మా".