నర్సు వృత్తికై పొరుగు రాష్ట్రమునకు

నర్సులమై ఆంధ్రదేశమునకు పోదుమని మన బాలికలు కొందరు అనుచున్నారు. "అంత దూరమా?" అని తల్లులు వెనుదీయుచున్నారు. విజయనగర కాలమున అంతకంటె దూరమునుండి వచ్చి రాజపాళయమున నిలిచితిమని చెప్పుకొను మనము దూరమునకు వెరచుట మాకు వింతగా నున్నది.

చిక్కు దూరములో లేదు, కాగితములలో నున్నది. నాలుగేండ్ల బి.ఎస్సి. నర్సింగు గాని, మూడేండ్ల జి.ఎన్.ఎం. గాని ఇచట ముగించినవారు తమిళనాడు నర్సుల కౌన్సిలులో పేరు నమోదు చేసికొందురు. పొరుగు రాష్ట్రమునకు పోవునపుడు ఇచటినుండి నిరభ్యంతర పత్రము తీసికొని అచటి కౌన్సిలులో మరల నమోదు కావలెను. ప్రభుత్వోద్యోగము మరింత కష్టము. 371-డి అధికరణము ననుసరించి 1975లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికులకు ప్రాధాన్య మిచ్చినది. తెలుగు మాటలాడినంతనే స్థానికులము కాజాలము. చదువెచట సాగినదో చూతురు. ఇది మనకు నొప్పి కలిగించినను అన్యాయమని మేమనజాలము. కనుక మొదట ప్రైవేటు ఆసుపత్రులే దిక్కు.

అయినను మన తెలుగు వ్యర్థము కాదు. పుండు సలుపుట వేరు, మండుట వేరు, కాళ్ళు పీకుట వేరు. రోగి చెప్పిన ఆ భేదమును గ్రహించి వైద్యునికి తెలుపగల నర్సు విలువ యెంతయో మంచమెక్కినవారికే తెలియును. ఇంటి తెలుగుతో తృప్తిపడక చదువుట, వ్రాయుట కూడ చక్కగా నేర్వవలెనని మేము పట్టుబట్టుట యిందులకే.

దూరమునకు జంకు తల్లిదండ్రులకు ఒక మాట. 1946లోనే నర్సింగు డిగ్రీ చదువు మొదలైన వేలూరు మన రాష్ట్రములోనే యున్నది. అచటి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి ఆంధ్ర రోగులు విరివిగా వత్తురు. కౌన్సిలు మార్పు అక్కరలేదు. అటువంటిచోట రెండేండ్లు పనిచేసి, పిదప తిరుపతికి పోయెదనను బిడ్డను ఆపుటకు మీరు వేరొక కారణము వెదకుకొనవలసి యుండును.